సముద్రం కింద పట్టాలు, కొండ కడుపులో ఇంజన్లు

ఆరు మంచాల గదిలో ఒకడు కొత్త ఫోన్ కొంటే రాత్రి కల్లా కింద టైలరు షాపు దాకా దాని ధర తెలిసిపోయే పేట దుబాయిలోని సత్వా. అలాంటి చోట ఒక మహా రహస్యం ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా ఉంది. అందరికీ తెలుసు కనక దాన్ని ఎవరూ బయటపెట్టలేరు. ఫుజైరా నుంచి ముంబైకి సముద్రం కింద రైలు మార్గం వేస్తున్నారట. సగం పని అయిపోయిందట. గవర్నమెంటే చెప్పడం లేదట.

దీనికో పుట్టుక ఉంది, కాదనను. 2018 నవంబరులో అబుదాబిలో జరిగిన ఒక సదస్సులో నేషనల్ అడ్వైజర్ బ్యూరో అనే సలహాల కంపెనీ ఈ ఊహను చెప్పింది. దాదాపు రెండు వేల కిలోమీటర్ల మార్గం, నీళ్ళలో తేలే గొట్టాల్లో రైలు. ఇటునుంచి ఇండియాకి చమురు, అటునుంచి ఇక్కడికి నర్మద నీళ్ళు. ఇది ఆలోచన మాత్రమేనని, ఇంకా పరిశీలించాలని వాళ్ళే అన్నారు. అంటార్కిటికా నుంచి మంచుకొండను లాక్కొచ్చి ఫుజైరా తీరాన నిలబెట్టి మంచినీళ్ళు చేద్దామని అంతకు ముందు ఏడాది చెప్పిందీ వీళ్ళే. మంచుకొండ రాలేదని మనవాళ్ళకి బెంగ లేదు. రైలు మాత్రం బయల్దేరింది, వాట్సాప్‌లో. బొమ్మలు కదిలించి, గంభీరమైన గొంతు పెట్టి, రెండు గంటల్లో దుబాయి అని తెలుగులో వీడియోలు చేసిన మహానుభావులు ‘ఊహ’ అన్న మాటను మాత్రం స్టేషన్లోనే వదిలేశారు.

ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సముద్రం కింద తవ్విన సొరంగం పొడవు యాభై కిలోమీటర్లు. 1988లో తవ్వకం మొదలుపెట్టి, వేలమందిని దింపి, 1994కి గానీ తెరవలేకపోయారు. మన రహస్య రైలు దానికి నలభై రెట్లు. దారిలో సముద్రం మూడు వేల మీటర్ల లోతు దాటుతుంది. అయినా ఒక్క ఓడా కనబడదు, ఒక్క టెండరూ పడదు, ఒక్క క్యాంపూ వెలవదు. ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. ఈ కబురు నమ్మేది ఎవరు? షట్టరింగ్ కొట్టినవాళ్ళు, స్టీలు కట్టినవాళ్ళు, మండుటెండలో కాంక్రీటు పోసినవాళ్ళు. పది మీటర్ల గుంట తవ్వాలంటే ఎన్ని బస్సుల జనం దిగాలో, ఫోర్‌మన్ ఎన్నిసార్లు అరవాలో వీళ్ళకి తెలిసినట్టు ఏ ఇంజనీరుకీ తెలియదు. అయినా ఫోన్ చేతిలోకి రాగానే, ఆ గొట్టాలను మోసినవాడు ఎవడన్న ప్రశ్న ఒక్కరి నోటా రాదు.

సత్వాకి ఈ ప్రశ్న మరీ బాగా రావాలి. 2008లో ఈ నేల మీదే జుమేరా గార్డెన్ సిటీ అని బ్రహ్మాండమైన నగరం గీశారు. కొన్ని ఇళ్ళు కూలాయి, జనం తలోదిక్కూ వెళ్ళారు, అంతలో ఆర్థిక సంక్షోభం వచ్చి నగరం కాగితం మీదే ఉండిపోయింది. మరుసటి ఏడు 2009 సెప్టెంబరు 9న మెట్రో మొదలైంది, కానీ అది షేక్ జాయెద్ రోడ్డు అంచు పట్టుకుని పోయింది, సత్వా నడిబొడ్డుకి రాలేదు. స్టేషన్‌కి పోవాలంటే మనం ఇప్పటికీ బస్సెక్కాలి. అరేబియా సముద్రాన్ని దాటి వచ్చే రైలు ఈ రెండు వీధులూ దాటలేదన్న మాట!

ఇది మన ఒక్కరి జబ్బు కాదు, తెల్లదొరలదీ ఇదే తంతు. బ్రిటన్‌లో 1968 ఆగస్టుతో ప్రధాన మార్గాల మీద ఆవిరి రైళ్ళు ఆగిపోయాయి. ఆ వెంటనే ఒక పుకారు పుట్టింది: యుద్ధమొచ్చి చమురు అందకపోతే పనికొస్తాయని వందల ఇంజన్లను బాక్స్ అనే రైలు సొరంగం పక్కన కొండ కడుపులో దాచారని. పుకారుకి కాళ్ళు లేకపోలేదు. ఆ సొరంగం పక్కనుంచి కొండలోని మందుగుండు డిపోకి నిజంగానే పట్టాలున్నాయి. అదే కొండ కింద, అణుయుద్ధం వస్తే నాలుగు వేల మంది తలదాచుకోవడానికి కట్టిన ప్రభుత్వ స్థావరమూ ఉంది. 2004లో ఆ గుట్టు విప్పారు. లోపల వంటశాల, టెలిఫోన్ ఎక్స్ఛేంజి, కుర్చీలు. ఇంజన్ లేదు. నమ్మినవాళ్ళు ఏమన్నారంటారా? ముందే తరలించేశారన్నారు!

ఆవిరి ఇంజన్ని గోడౌన్‌లో పెట్టి తాళం వేస్తే యాభై ఏళ్ళకి కూత పెట్టదు. బాయిలర్ గొట్టాలు తుప్పు పడతాయి. నూనె పెట్టాలి, తడి తగలకుండా చూడాలి. బొగ్గు, నీళ్ళు, నిప్పు రాజేసే ఫైర్‌మన్, నడిపే డ్రైవరు కావాలి. స్వీడన్, సోవియట్ యూనియన్ నిజంగానే ఇంజన్లను యుద్ధానికని అట్టేపెట్టాయి. అట్టేపెట్టినందుకు మనుషుల్ని పెట్టి చాకిరీ చేయించాయి. బ్రిటన్‌లో అసలు ఇంజన్లు ఎక్కడున్నాయో తెలుసా? వేల్స్‌లోని బ్యారీ రేవు పక్కన, పాత ఇనుము వ్యాపారి పెరట్లో. దాదాపు మూడు వందలు, ఉప్పుగాలికి ఎర్రగా తుప్పుపట్టి, ఆకాశం కింద బాహాటంగా. కావలసినవాళ్ళు డబ్బిచ్చి కొనుక్కున్నారు. రెండు వందలకు పైగా అలా బతికాయి. ఒక్కోదాన్ని మళ్ళీ నడిపించడానికి ఏళ్ళకేళ్ళు గ్రీజులో మునిగారు. కొండలో ఇంజన్లున్నాయని చెప్పుకోవడానికి మాత్రం పైసా ఖర్చు లేదు.

మన హైదరాబాదు సంగతి? చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందని పాతబస్తీలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు, చూసినవాడు మాత్రం తాతకి తాత. రెంటికీ మధ్య ఎనిమిది కిలోమీటర్లు, ఆ మధ్యలో మూసీ. చార్మినార్ కట్టడానికి ముందే, 1578లో, ఇబ్రహీం కుతుబ్ షా ఆ నదిని దాటడానికి అందరూ చూస్తుండగా పురానాపూల్ కట్టించాడు. సొరంగం ఉంటే దానికి అక్కర పడిన రోజు 1687లో వచ్చింది. ఔరంగజేబు ఎనిమిది నెలలు కోటను ముట్టడించాడు. చివరికి లంచం తిన్నవాడు తలుపు తీశాడు. గోల్కొండ సుల్తాను తానీషా దొరికిపోయి దౌలతాబాదు కోటలో బందీ అయ్యాడు. పాపం, ఆయనకు సొరంగం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ రోజుల్లో వాట్సాప్ లేదు కదా.

ఈ మాటలన్నీ మొన్న ఆదివారం మా గదిలో వినిపించాను. జగిత్యాల తమ్ముడు ఓపికగా విన్నాడు. “నువ్వు చెప్పేది నిజమే అన్నా, గందుకే సీక్రెట్‌గా చేస్తున్నరు,” అన్నాడు. తర్వాత కొత్త వీడియో చూపించాడు. లైను హైదరాబాదు దాకా పొడిగిస్తారట. అర్ధరాత్రి దాకా గదిలో పెద్ద గొడవ: వరంగల్ వాళ్ళేమో కాజీపేటలో ఆపాల్సిందేనంటారు, నిజామాబాదు వాళ్ళేమో తమ ఊరు దాటకుండా హైదరాబాదు ఎట్లా పోతదంటారు. భీమవరం ఆయన మంచం మీంచి లేచి, స్లీపర్ క్లాసు ఉంటుందా అని అడిగాడు.