కోరం సరిపోయింది

గ్రామసభకు జనం రావడం లేదని బెంగపెట్టుకున్న పెద్దలకు ఒక శుభవార్త. జనం రాకపోయినా సభ ఆగదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఆనాటి నుంచి మినిట్స్ పుస్తకంలో కోరం లేక వాయిదా పడిన సభ కనిపిస్తే ఆ కార్యదర్శికి సన్మానం చేయాలి.

ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ గ్రామసభ సభ్యులేనని రాజ్యాంగం అంటోంది. అంతమందిని పిలవాలంటే చాటింపు వేయించాలి, టెంటు వేయాలి, కుర్చీలు తేవాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. మొదటి మూడింటికీ ఎలాగోలా బిల్లు పెట్టుకోవచ్చు. నాలుగోదానికి ఏ పద్దు కింద రాయాలో ఎవరికీ తెలియదు.

అందుకే అనుభవజ్ఞులు మేలైన పద్ధతి కనిపెట్టారు. సభ పొద్దున పదకొండింటికి పెట్టాలి. ఆ వేళకు కూలికి పోయినవాళ్లు చేలల్లో ఉంటారు. మిగిలేది సర్పంచి గారి మరిది, కాంట్రాక్టరు, అరుగు మీద కునుకు తీస్తున్న ఇద్దరు తాతలు. బ్యానరు కట్టి, ఖాళీ కుర్చీలు పడకుండా దగ్గరగా ఒక ఫొటో తీయాలి. సంతకాల సంగతి పింఛన్ల రోజు చూసుకోవచ్చు. "అవ్వా, ఇక్కడ కూడా ఒక వేలిముద్ర వెయ్యి" అంటే అవ్వ కాదనదు. మొదటి ముద్రకు పింఛను వచ్చింది. రెండో ముద్రకు ఊరి చెరువు మట్టి పోయింది. ఆ సంగతి అవ్వకు వానాకాలంలో తెలుస్తుంది.

సగం సీట్లు మహిళలవి కదా అంటారేమో. నిజమే. సంతకం ఆమెది, మైకు ఆయనది.

కేంద్రం ఇంకో అడుగు ముందుకేసింది. గ్రామసభలో జరిగిన మాటలు విని తనంతట తానే మినిట్స్ రాసిపెట్టే కృత్రిమ మేధ పరికరాన్ని 2025 ఆగస్టులో తెచ్చింది. పేరు 'సభాసార్'. పాపం ఆ యంత్రానికి ఒక లోపముంది: ఎవరో ఒకరు మాట్లాడితే తప్ప రాయలేదు. మన కార్యదర్శులకు ఆ బలహీనత ఏనాడూ లేదు.

పౌరసమాజాన్ని పక్కన పెట్టారని నింద వేయకండి. అందరికీ పని ఉంది. డ్వాక్రా మహిళలు కుర్చీలు నింపాలి. యువజన సంఘం ఫ్లెక్సీ కట్టాలి. స్వచ్ఛంద సంస్థ మరుగుదొడ్ల మీద కళాజాత ఆడి, భోజనం చేసి, బస్సెక్కాలి. అంతవరకు వాళ్లు సేవాభావం గల పౌరులు. సిమెంటు రోడ్డు కొలత పుస్తకం చూపించమన్న నిమిషం నుంచి వాళ్లు "ఊళ్లో రాజకీయం చేసేవాళ్లు". తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం పాలకవర్గంలో కో-ఆప్షన్ సభ్యులకూ చోటిచ్చింది. గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు ఉంది, విశ్రాంత ఉద్యోగి ఉన్నాడు, దాత కూడా ఉన్నాడు. లెక్క అడిగేవాడి కోటా ఒక్కటే మరిచారు.

ప్రశ్నించే నోరు ఎంత ఖరీదో ధరల పట్టీ కూడా ఉంది. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవాలకు నజరానా ప్రకటించింది. రెండు వేల లోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు, పది వేలు దాటితే 20 లక్షలు. పోటీ లేకపోతే అభివృద్ధి, పోటీ ఉంటే కక్షలు. మరి అసెంబ్లీ సీట్లకు ఈ సిద్ధాంతం ఎందుకు వర్తించదో అడగకండి, అది రాజకీయం.

లబ్ధిదారుల ఎంపిక గ్రామసభ పని. ఆ బరువు ఊరి మీద పడకూడదని ప్రభుత్వాలు పోటీపడి మోశాయి. ఒకరు జన్మభూమి కమిటీలు పెట్టారు. ఇంకొకరు యాభై ఇళ్లకో వాలంటీరును పెట్టారు. తెలంగాణలో 2024 మొదట్లో సర్పంచుల గడువు ముగిశాక సర్పంచులే అక్కర్లేదనుకున్నారు. 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారులు ఊళ్లేలారు. ఆంధ్రలో ఆర్థిక సంఘం నిధులు పంచాయతీకి చెప్పకుండానే కరెంటు బకాయిలకు జమైపోయాయి. సర్పంచులు జోలె పట్టి వీధిన పడితే మనం ఫొటోలు చూసి నవ్వుకున్నాం.

ఇక రికార్డు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. వరల్డ్ రికార్డ్స్ యూనియన్ ధ్రువపత్రం కూడా ఇచ్చింది. ఇందులో వెటకారం లేదు, ఒక్కరోజైనా ఊరు గుర్తొచ్చింది. కానీ చట్టప్రకారం ఏటా జరగాల్సిన పని ఒకసారి జరిగితే ప్రపంచ రికార్డయిందంటే, మిగతా సంవత్సరాల సంగతి ధ్రువపత్రమే చెప్పేసింది.

ఊరిని నిజంగా అడిగితే ఏమవుతుందో మన సరిహద్దు అవతల ఒకసారి చూశారు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశా నియమగిరి కొండల్లో పన్నెండు ఊళ్లలో గ్రామసభలు పెట్టారు. బాక్సైట్ తవ్వుకోనివ్వమంటారా అని డోంగ్రియా కోందులను, వాళ్ల పొరుగువాళ్లను అడిగారు. పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. పెద్ద కంపెనీ, వెనక ప్రభుత్వం, అయినా కొండ కదల్లేదు. పదకొండింటి సభలూ దగ్గరి ఫొటోలూ ఎందుకు అవసరమయ్యాయో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

అయ్యా, అమ్మా, ఒక పని చేయండి. గ్రామస్థాయి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి మన రాష్ట్రాల్లో రుసుము లేదు. తెల్లకాగితం చాలు. మీ ఊరి గ్రామసభ తీర్మానాలు, హాజరు సంతకాల నకళ్లు అడగండి. మీరు ఎన్ని సభలకు వెళ్లారో, దేనికి చేయెత్తారో అందులో వివరంగా రాసి ఉంటుంది.