నిదానమే ప్రధానం బాబాయి

కృష్ణా జిల్లా చల్లపల్లిలో ఈ బాబాయి లేని బజారు లేదు. వీధికో పేరుతో ఉంటాడు గానీ మనిషి ఒకడే. డెబ్బై దాటిన వయసు, నీలిమందు పెట్టిన పంచె, జేబులో పాత శుభలేఖ. దాని వెనకవైపు ఖాళీ జాగాలో ఆ నెల పాల లెక్క, కౌలు లెక్క. శుభలేఖ అందుకోగానే ఆయన ముందు చూసేది ముహూర్తం కాదు, వెనకవైపు ఎంత తెల్లగా ఉందన్నది.

నోరు తెరిస్తే సామెత. ఒకదానికొకటి పడని సామెతలు ఆయన దగ్గర జంటలుగా ఉంటాయి. కౌలుదారు బస్తాలు తోలడం రెండు రోజులు ఆలస్యమైతే, "ఆలస్యం అమృతం విషం, అబ్బాయ్!" అదే నూర్పిడి కూలీలు డబ్బుల కోసం గుమ్మం ముందు నిలబడితే, "నిదానమే ప్రధానం. ఎక్కడికి పోతాయి మీ డబ్బులు?" పక్కింటాయన కొడుకు పెళ్ళికి అప్పు చేస్తే, "మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలి." తన కొడుకు పెళ్ళి, భోజనాల ఖర్చు ఆడపెళ్ళివారిది అనేసరికి, "పెళ్ళంటే నూరేళ్ళ పంట బావగారూ, విస్తరి దగ్గర లెక్కలేమిటి?"

చరిత్రను కూడా వదలడు. రాజావారి కోట చూపించి మనవళ్ళతో, "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయిరా" అంటాడు. జమీందారీలు పోయింది 1948లో వచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టంతో, కూర్చుని తిన్నందుకు కాదు. చట్టంలో సామెత లేదు కాబట్టి ఆయన కంటికది ఆనదు.

కష్టే ఫలి అని ఊరందరికీ చెప్పే ఈయనకు అన్నిటికన్నా ఇష్టమైన పైరు మినుము. కారణముంది. వరి కోతకు నాలుగైదు రోజుల ముందు, చేలో పదును ఆరకుండా గింజలు చల్లేస్తారు. దుక్కి లేదు, నాగలి లేదు. వరి మోళ్ళ మధ్య, మిగిలిన తేమతో, మంచుతో దానంతటదే పెరుగుతుంది. డెల్టా రైతు తరతరాలుగా నేర్చిన పొదుపంటే ఇదీ. అందులో వంక పెట్టడానికేం లేదు. బాబాయి మాత్రం సంసారమంతా మినుము చేను లాగే నడవాలంటాడు, దున్నకుండా.

సెల్‌ఫోన్ వచ్చిన కొత్తలో ఒక్క రింగుతో కట్ చేసేవాడు. ఇప్పుడు మనవడు రీఛార్జి చేయించి, రోజుకు ఒకటిన్నర జీబీ వస్తుందనీ, వాడకపోతే అర్ధరాత్రికి పోతుందనీ చెప్పాడు. ఆ మాట విన్నాక బాబాయికి నిద్ర లేదు. రాత్రి పదకొండింటికి కూర్చుని, మిగిలిన డేటా పారబోయడం ఇష్టంలేక, మోపిదేవి నుంచి డాలస్ దాకా ఉన్న బంధువులందరికీ పొదుపు మీద వీడియోలు పంపుతాడు. కోడలు వచ్చి లైటు తీసేస్తే తప్ప ఆగడు. తీసేసినందుకు మెచ్చుకుంటాడు కూడా, కరెంటు కలిసొచ్చిందని.

2014 నవంబరు 12న డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతులు మరికొందరితో కలిసి స్వచ్ఛ చల్లపల్లి మొదలుపెట్టారు. అప్పటినుంచి తెల్లవారకముందే డాక్టర్లు, మాస్టార్లు, రైతులు, గృహిణులు చీపుర్లు పట్టుకుని రోడ్డెక్కుతున్నారు. నోటితో చెప్పకుండా చేతులతో చేసే మనుషులు బాబాయికి కొత్త. అరుగు మీద నిలబడి, "ఊరికే రాపాడకండమ్మా, చీపురు అరుగుతుంది" అని సలహా ఇచ్చాడు. ఒకామె నవ్వుతూ చీపురు ఆయన చేతికే ఇచ్చింది. బాబాయి దాన్ని తిరగేసి, పుల్లలు నొక్కి, ధర అడిగి, "బేరం బాగానే ఆడారు" అని తిరిగిచ్చేశాడు.

పిసినారి అని తేల్చెయ్యడం తేలిక. కానీ 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన చూసిన తరం ఆయనది. వేలమంది పోయారు. మిగిలినవాళ్ళు తడిసిన బియ్యం ఏరి ఎండబెట్టుకుని తిన్నారు. కంచంలో మెతుకు వదిలితే బాబాయి చూసే చూపులో వేళాకోళం ఉండదు. ఆ ఒక్క విషయంలో ఆయన దగ్గర జంట సామెత లేదు.

ఈసారి అవనిగడ్డ బస్సెక్కి చల్లపల్లి సెంటర్లో దిగితే, టీ కొట్టు దగ్గర పరాయివాడి పేపరు చదువుతూ కనిపిస్తాడు. పలకరించండి, బోలెడు మంచి మాటలు చెబుతాడు. టీ డబ్బులు మాత్రం మీరే ఇవ్వాలి.