పెంకుటింటి మీమాంస

పాత యిల్లు గలవానికి సలహాల కరవుండదు. తలనొప్పికి మందు చెప్పువారైనను ముందెక్కడ నొప్పియని యడుగుదురు గాని, మా మండువా లోగిలిని జూచినవారెవ్వరును వీథి యరుగుమీద నుండియే తీర్పు చెప్పక మానలేదు. గోదావరి డెల్టాలో మా తాతగారు కట్టించిన ఆ యింటిని పడగొట్టుటయా, బాగుచేయుటయా యను మీమాంస, శుభాశుభములకు బంధువులు కూడినప్పుడెల్ల, విస్తళ్ళెత్తక మునుపే తలయెత్తుచుండును.

ఒకనాడు కోతుల పుణ్యమా యని చూరునుండి జారిపడిన పెంకును బాబాయిగారు తిరగవేసి చూడగా, బాసెల్ మిషన్ వారి పేరుతో బాటు 1865 అను అంకె దానిపై అచ్చుపడి యుండెను. అది మంగుళూరులో ఆ మిషన్ వారి పెంకుల కర్మాగారము పుట్టిన సంవత్సరమే గాని మా యిల్లు పుట్టినది కాదనియు, అప్పటికి మా తాతగారే పుట్టలేదనియు నేనెంత మొత్తుకొన్నను వినువారు లేరైరి. “నూటఅరవై యేళ్ళ కొంపరా, నెత్తిన పడకముందే పడగొట్టు” అని బాబాయిగారును, “అంత పాతదాన్ని ముట్టుకుంటే కళ్ళు పోతాయి” అని మేనత్తగారును, ఆ యొక్క పెంకునే చెరియొక అంచున పట్టుకొని వాదింపసాగిరి.

ఇక మేస్త్రీ. అతడు గోడను గోటితో గీరగానే జానెడు పెచ్చు ఊడి పాదములమీద పడెను. “ఇందులో పస లేదండి, స్లాబు వేసుకోండి” అనెను. ఊడినది గోడ కాదు. వెనుకటి మరమ్మతునందు గానుగ సున్నపు గోడకు అతడే మెత్తిన సిమెంటు. సున్నపు గోడ నేలలోని చెమ్మను పీల్చి మెల్లగా గాలికి వదలుచుండును. సిమెంటు దానికి ఊపిరాడనీయక ఆ చెమ్మను లోపలనే బంధింపగా, అది ఉప్పు పట్టి పెచ్చులుగా బయటపడును. ఏమైనను, ఆ పూతలో పస లేదన్న మాటవరకు నేను అతనితో పూర్తిగా ఏకీభవించితిని.

ఈశాన్యమున మెట్లున్నవి గావున పడగొట్టుటయే శ్రేయస్కరమనియు, మూఢము వెళ్ళువరకు పడగొట్టుటకు ముహూర్తము లేదనియు సిద్ధాంతిగారు సెలవిచ్చిరి.

వీరందరిలో నిజాయితీపరుడు పాత కలప కొనునతడు. అతడు ఇంటి మంచిచెడ్డలను గూర్చి యొక్క మాటయు ననక, టేకు ద్వారబంధమును వ్రేలి కణుపుతో తట్టి చెవియొగ్గి విని, మండువా స్తంభములను కౌగిలించుకొని కైవారము కొలిచి, దూలములను లెక్కించి, చెదలు తిన్న వాసములను కంటితోనే వేరుచేసి, ధర చెప్పెను. ఏనుగు చచ్చినా వెయ్యే బ్రతికినా వెయ్యే యందురు గాని, మా యింటికి చావులోనే విలువ హెచ్చు. ఆశ్చర్యమేమనగా, నేను పట్టుబట్టి మేస్త్రీచేత వ్రాయించిన మరమ్మతు అంచనాకు ఆ ధర రూపాయి తేడా లేక సరిపోయినది. అనగా, ఇల్లు పడగొట్టి అమ్మినచో దానిని బాగుచేయుటకు వలసిన సొమ్ము సమకూరునన్నమాట.

ఈ యేర్పాటునకు బాబాయిగారును మేనత్తగారును వెంటనే సమ్మతించిరి.