కుండకీ ఓ కాలం ఉంటుందండీ

మా రోజుల్లో శ్రావణమాసంలో ఎవరైనా వచ్చి కొత్త కుండ కావాలంటే, మా నాన్న ఆ మనిషిని ఎగాదిగా చూసి "వైశాఖంలో ఏం చేశావయ్యా?" అనేవాడు. అనిపించుకున్నవాడు ఎంత మోతుబరి అయినా నొచ్చుకునేవాడు కాదు. వానాకాలంలో కుమ్మరి ఇంట్లో కుండ ఉండదని నిడదవోలు చుట్టుపక్కల గేదెలు కాసే కుర్రాడికి కూడా తెలిసిన రోజులవి. ఇప్పుడదే శ్రావణంలో, బయట ముసురు పడుతుండగా, కారు ఆపి అద్దం సగం దించి "బాబాయ్, రెండు కూజాలు ఇవ్వు, ఫోన్‌పే చేస్తా" అంటారు. లేవంటే "స్టాకు పెట్టుకోరా? ఇలా అయితే వ్యాపారం ఎలా సాగుతుందండీ?" అని నాకే పాఠం చెబుతారు.

స్టాకు పెట్టుకోవడానికి ఇవేమైనా సబ్బుబిళ్ళలా? పచ్చి కుండ ఆరాలంటే గాలీ ఎండా రెండూ పాళంగా ఉండాలి. ఎండ ముదిరితే బీట వేస్తుంది. ఉక్కపోత పడితే ఎన్నాళ్ళున్నా ఆరదు. పైకి ఆరినట్టు కనిపించి లోపల తడి ఉన్న కుండని ఆవంలో పెట్టామా, ఆ తడి ఆవిరై ఢామ్మని పేలి, పక్కనున్న నాలుగింటిని కూడా తీసుకుపోతుంది. ఈ సంగతి ఒకప్పుడు ఊరందరికీ తెలుసు. ఇప్పుడు చెప్పినా వినేవాళ్ళు లేరు.

స్టీలు వచ్చి, సత్తు గిన్నెలొచ్చి, ప్లాస్టిక్ బిందెలొచ్చి కుమ్మరి పని పోయిందని అందరూ అంటారు. అవన్నీ నా కళ్ళముందే వచ్చాయి, అయినా బతికాం. మమ్మల్ని నిజంగా కూలదోసింది కాలం తెలియని గిరాకీ. ఏ నెలలో ఏం దొరుకుతుందో కొనేవాడికి తెలిసినంతకాలం మా పని నడిచింది. వాడు మర్చిపోయాడు, మా చెయ్యి ఖాళీ అయింది.

అసలు మా యేడాది ఎండల్లో మొదలయ్యేది. దాళ్వా కోతలయ్యాక విజ్జేశ్వరం దగ్గర తలుపులు దించి పడమటి డెల్టా కాలువలు కట్టేసేవారు. ఇప్పటికీ కట్టేస్తున్నారు లెండి, అదొక్కటీ మారలేదు. కాలువ కట్టాక చెరువులు అడుగంటేవి. బండి కట్టుకుని చెరువులోకి దిగేవాళ్ళం. పైపొర మట్టి పనికిరాదు. పారతో దాన్ని చెక్కేశాక అడుగున జిగురుగా, నల్లగా, వేళ్ళ మధ్య నలిపితే రవ్వ తగలని మట్టి దొరుకుతుంది. యేడాదికి సరిపడా తోలి పెరట్లో కుప్ప పోసుకునేవాళ్ళం. ఆ మట్టి రోహిణి ఎండలకి పెళ్ళలు విచ్చి, తొలకరికి నాని, మెత్తబడి మాట వినేది. మాకు మట్టి దక్కేది, చెరువుకి పూడిక పోయేది, పంచాయతీకి కానీ ఖర్చుండేది కాదు.

ఇప్పుడా చెరువులు చేపలకి పాటలో పోతున్నాయి. వేసవిలోనూ నిండా నీళ్ళే. ఎక్కడైనా ఓ చెరువు ఎండిందంటే తెల్లారేసరికి పొక్లెయినర్ దిగి ఉంటుంది. మట్టంతా ఇటుక బట్టీకో, లేఅవుట్ మెరకకో పోతుంది. తట్టా పారా పట్టుకుని నేను వెళితే మాత్రం "పర్మిషనుందా?" అని అడుగుతారు. చివరికి ట్రాక్టరు ట్రక్కు లెక్కన మట్టి కొనుక్కుంటున్నాను. అందులో గాజు పెంకులూ, గుట్కా పొట్లాలూ ఏరుకోవడానికే ఓ పూట పడుతుంది. ఇక కలపడానికి కావలసిన గోదారి సన్న ఇసక సంగతి ఎత్తకండి, అదో పెద్ద రాజకీయం.

వానలు పడ్డాక ఆవం మూసేసేవాళ్ళం. ఆడవాళ్ళు ఊడ్పులకి పోయేవారు. మగాళ్ళం అరుగుల మీద చేరి చవితి వినాయకుళ్ళని చేసేవాళ్ళం. పెద్దవాళ్ళ తెలివి ఎక్కడుందో చూడండి. వినాయకుడిని కాల్చక్కర్లేదు. చెక్క అచ్చులో పచ్చిమట్టి అదిమి, తీసి, కళ్ళ స్థానంలో రెండు గురిగింజలు పెడితే దేవుడు సిద్ధం. ఆవం వెలగని నెలల్లో కాల్చని బొమ్మ అమ్ముకుని కుమ్మరి గట్టెక్కేవాడు. పూజయ్యాక ఆ మట్టి కాలువలో కరిగి మళ్ళీ మట్టిలో కలిసేది.

తర్వాత ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వచ్చింది. పందిళ్ళు పెరిగాయి, విగ్రహం తాటిచెట్టంత అయింది. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విగ్రహాలకి ఆ ప్లాస్టర్ వాడొద్దని మార్గదర్శకాలిచ్చింది. మంచిదే. దాంతో చవితికి వారం ముందు ఊళ్ళో అందరికీ మట్టి మీద భక్తి పుట్టుకొచ్చింది. "అర్జంటుగా రెండొందల బొమ్మలు కావాలండీ, పంచిపెట్టాలి" అని వస్తారు. అర్జంటు అనే మాట మా వృత్తిలో ఎప్పుడూ లేదు. ఆషాఢంలో చెబితే కదా భాద్రపదానికి చేసిపెట్టేది!

దసరా ఎండ కాసిందంటే ముందు చిన్నవాటిని పట్టుకునేవాళ్ళం. ప్రమిదలూ మూకుళ్ళూ తొందరగా ఆరతాయి, చిన్న ఆవం చాలు. దీపావళికి ఓ వాయి, కార్తీకమాసం దీపాలకి ఓ వాయి. ఇప్పుడు అచ్చుమిషను మీద చేసి రంగులేసిన ప్రమిదలు అట్టపెట్టెల్లో దిగుతున్నాయి. రంగేసిన ప్రమిద నూనె పీల్చదు, బాగుందమ్మా అని కొంటారు. మా రోజుల్లో ప్రమిదలు ముందురోజు రాత్రే నీళ్ళలో నానేసుకునేవారు. నానిన ప్రమిద కూడా నూనె పీల్చదు. ఆ చిన్న సంగతి మర్చిపోయినందుకు రంగుకి డబ్బులు కడుతున్నారు.

మార్గశిరం వస్తే సార్వా కుప్పనూర్పులు, పక్కనే తిమ్మరాజుపాలెంలో కోట సత్తెమ్మ తిరనాళ్ళు. తట్టనిండా మట్టి బొమ్మలూ, పిల్లలు డబ్బులు దాచుకునే ముంతలూ పెట్టుకుని అక్కడ కూర్చుంటే సాయంత్రానికి తట్ట ఖాళీ. కళ్ళంలో మాకు మేర ధాన్యం కొలిచేవారు. ఊళ్ళో రైతుకి యేడాది పొడుగునా కుండా చట్టీ మేమివ్వాలి, పంటప్పుడు ఆయన ధాన్యం ఇవ్వాలి. బేరం లేదు, అప్పు లేదు, ఫోన్‌పే అంతకన్నా లేదు. అదే అదనుకి వరిగడ్డీ, ఊకా, పిడకలూ చవగ్గా దొరికేవి. ఆవానికి మేత అవే కదా. ఇప్పుడు కోతమిషను గడ్డిని ముక్కలు చేసి చేలోనే పారబోస్తోంది. రైతు దానికి నిప్పంటిస్తాడు. ఊక మిల్లు బాయిలరుకి పోతుంది. గేదెలు లేని ఊళ్ళో పిడకలు ఎక్కడివి? ఒక్కో వాయి కాల్చడానికి వంటచెరుకు కొని పెడుతుంటే, కుండ ధర చెప్పినప్పుడు కొనేవాడు నన్నో దొంగని చూసినట్టు చూస్తాడు.

మాఘం నుంచి వైశాఖం దాకా అసలు పండగ. అటు ఎండ, ఇటు పెళ్ళిళ్ళు. తాళ్ళెక్కేవాళ్ళకి కల్లు ముంతలు, ఉగాది పచ్చడికి కొత్త కుండ, శ్రీరామనవమి పానకానికి బానలు, చలివేంద్రాలకి కడవలు. పెళ్ళివారు మేళం పెట్టుకుని మా ఇంటికొచ్చి, మా ఆవిడకి పసుపు కుంకుమలిచ్చి, ముగ్గులేసిన అరివేణి కుండలూ పాలికలూ పట్టుకెళ్ళేవారు. ఆ పూట మా వాకిలి పెళ్ళివాకిలే. ఇప్పుడు ఈవెంటు మేనేజరు ఫోన్లో ఫొటో పంపి "ఇదే డిజైన్, గోల్డ్ కలర్" అంటాడు. మేళం లేదు, పసుపు లేదు, బ్యాలెన్సు మాత్రం పెళ్ళయ్యాక ఇస్తానంటాడు.

నీళ్ళ కుండ గురించి నాలుగు మాటలు చెప్పాలి. సారె మీద తీసిన కుండకి అడుగుండదు. దారంతో కోసి దించి, కాస్త బిగిశాక ఒళ్ళో పెట్టుకుని, లోపల ఎడమచేత్తో గుండ్రాయి ఆనించి, బయట కుడిచేత్తో చెక్క పెట్టి కొడతాం. అంటుకోకుండా మధ్యమధ్య బూడిద చల్లుతాం. దెబ్బ దెబ్బకీ గోడ పల్చబడి, అడుగు మూసుకుని గుండ్రమవుతుంది. దెబ్బ పడిన చప్పుడు బట్టే ఎక్కడ దళసరిగా ఉందో చేతికి తెలిసిపోతుంది. ఆ పల్చటి గోడలో కంటికి కనపడని బెజ్జాలుంటాయి. వాటిలోంచి నీరు ఊరి, పైన ఆవిరై, పోతూపోతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. పడమటి వడగాడ్పు కొట్టిన రోజున ఆ నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. సముద్రం గాలి తిరిగి ఉక్కపోత పట్టిన రోజున అంత చల్లబడవు. గాలిలో అప్పటికే తడి ఉంటే ఇంకేం ఆవిరవుతుంది?

ఇప్పుడు రోడ్డు పక్కన లారీల్లో దింపుతున్న కుండలు చూడండి. ఎర్రరంగు, పైన వార్నిషు, కింద కుళాయి. చూడ్డానికి లక్షణంగా ఉంటాయి. కానీ రంగు బెజ్జాలు మూసేస్తే కుండ చెమర్చదు, చెమర్చనిది చల్లబడదు. "మట్టికుండ కొన్నామండీ, నీళ్ళు చల్లగా లేవు" అని వచ్చి నాతో చెబుతారు. మా నాన్న కుండ పట్టుకుంటే చేతికి తడి తగిలేది, కింద ఇసకలో మెంతులో ధనియాలో మొలిచేవి. అవి మొలవని కుండని మేం అమ్మేవాళ్ళం కాదు.

అలాగని ఆ రోజులన్నీ బంగారమని చెబితే కళ్ళు పోతాయి. మేర ధాన్యం కోసం కళ్ళం చుట్టూ తిరిగి తిరిగి, తాలు కలిపి కొలిచింది తెచ్చుకున్న యేళ్ళున్నాయి. ఎర్రకాలువ పొంగితే పచ్చి కుండలు మళ్ళీ బురదై పెరట్లోనే కూర్చునేవి. మాఘంలో అకాలవాన ఓ గంట కురిసిందంటే, పూత మెత్తిన ఆవం చల్లారిపోయి, మూడు వారాల చాకిరీ పగుళ్ళుగా బయటికొచ్చేది. మట్టి తొక్కింది, నీళ్ళు మోసింది, జేగురు పూసి నున్నగా రుద్దింది, తట్ట నెత్తినెట్టుకుని ఊళ్ళెంట తిరిగి అమ్మింది మా అమ్మ. పేరు మాత్రం మా నాన్నది. ఆ పద్ధతి తిరిగి రావాలని నేను కోరను.

కరెంటు సారెని కూడా నేను తిట్టను. 2018లో ఖాదీ గ్రామోద్యోగ్ కమిషన్ వాళ్ళు కుమ్మరులకి కరెంటు సారెలిచ్చే పథకం పెట్టారు. కర్రతో సారె తిప్పీ తిప్పీ భుజాలు అరిగిన వాళ్ళకి దాని విలువ తెలుసు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం కుమ్మరి శాలివాహనులకి ఓ కార్పొరేషన్ పెట్టింది. సంతోషం. ఒకప్పుడు అర్జీ పట్టుకుని ఏలూరు వెళ్ళేవాళ్ళం, 2022లో జిల్లాలు మార్చాక రాజమండ్రి వెళుతున్నాం. ఊరు అంగుళం కదల్లేదు, మేం మాత్రం పశ్చిమం నుంచి తూర్పుకి వచ్చేశాం. అర్జీలో రాసేది ఒకటే: సారె గిర్రున తిరిగినంత మాత్రాన కుండ ఆరదు. వానలో ఆరబెట్టుకోవడానికి గాలి ఆడే పెద్ద షెడ్డొకటి, మట్టి తీసుకోవడానికి ఊరికో చెరువు మూల. ఈ రెండూ లేకుండా ఎన్ని సారెలిచ్చినా చేసే పని ఆర్నెల్లే.

గిరాకీ లేదని కూడా అనను. 2004లో లాలూ ప్రసాద్ రైల్వే మంత్రిగా ఉన్నప్పటి నుంచీ స్టేషన్లలో మట్టి కప్పుల టీ మాట వినిపిస్తూనే ఉంది. హైవే హోటళ్ళకి కుండ బిర్యానీ మోజు పట్టింది. గోదారి అవతల ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రేకు పుట్టేది బోర్లించిన మట్టికుండ వీపు మీదే కదండీ! కుండ వీపు నున్నగా లేకపోతే రేకు లేవదు. రేకుకి దక్కిన పేరులో వీసమెత్తు కుండకీ రావాలని నా వాదన. వీళ్ళందరికీ చేసిపెట్టడానికి మా వీధిలో ఇంకా చేతులున్నాయి. పన్నెండు నెలలూ, రోజుకి ఇన్నని లెక్కగట్టి, ఒక్కటి తగ్గకుండా ఇవ్వమంటేనే చేతులెత్తేస్తున్నాం. ఎండల్లో చేసింది ఎండల్లో కొని అటక మీద పెట్టుకోండి, కాలిన కుండ కుళ్ళిపోదు. స్టాకు మా ఇంట్లో కాదు, మీ ఇంట్లో ఉండాలి. మా రోజుల్లో ప్రతి ఇంటి అటకా ఓ గిడ్డంగే.

2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి. 2015లో జులైలో వచ్చాయి, ఈసారీ తొలకరి పడ్డాకే. పిండప్రదానాలకి ముంతలు, రేవుల్లో వదలడానికి ప్రమిదలు లక్షల్లో కావాలి. ఆ అధికారులకీ, పురోహితులకీ, రేవుల దగ్గర దుకాణాలు పెట్టేవాళ్ళకీ ఇప్పుడే ఓ మాట చెబుతున్నాను. సంక్రాంతికల్లా ఎన్ని కావాలో చెప్పి బయానా ఇవ్వండి, మాఘం నుంచి వైశాఖం దాకా కాల్చి లెక్కపెట్టి అప్పజెబుతాం. తొలకరి పడ్డాక వస్తే మా దగ్గర మట్టి తప్ప మరేమీ ఉండదు.