ఏకపురుష కచేరీ

గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత డాబాయింటి క్రిందివాటాలో ఫిజియోథెరపీ క్లినిక్కు నడుపుచున్న మహాశయుడొకడు నాకు చిరపరిచితుడు. పేరు చెప్పను, చెప్పనక్కరయు లేదు. ఒంగోలులో వెదకినను, ఖమ్మములో వెదకినను, పేరు మాత్రము మారి అచ్చముగ ఆ విగ్రహమే మీకు దర్శనమిచ్చును. నాలుగున్నర యేండ్లు చదివి బి.పి.టి. పట్టము పుచ్చుకొని, ఒక పెద్ద ఆసుపత్రిలో కొలువు చేసి, అక్కడ రోగి మోకాలిని పట్టుకొను సమయముకంటె ఆ మోకాలిని గూర్చి మూడు ప్రతులలో వ్రాయు సమయమే హెచ్చుగ నుండుట చూచి విసిగి, "ఈ కాగితాల పీడ నాకొద్దు, నా చేతులు, నా రోగులు, అంతే" అని రాజీనామా పారవేసి బయటపడిన ధీరుడాయన. బయటపడి సంవత్సరము తిరుగకముందే, విడిచివచ్చిన ఆసుపత్రిలో ఎన్ని కాగితములుండెనో అన్నియు, మీదుమిక్కిలి అక్కడివారికి ఊహకైన తట్టని మరికొన్నియు, ఆ రెండుగదుల క్లినిక్కులో ప్రత్యక్షమైనవి.

క్లినిక్కులో సామగ్రికి లోటు లేదు. నొప్పులున్నచోట విద్యుత్తు ప్రసరింపజేయు ఐ.ఎఫ్.టి. యంత్రము, అల్ట్రాసౌండు, వ్రేళ్లు బిగిసినవారికి మైనపు తొట్టి, నడుమును సాగదీయు ట్రాక్షన్ బల్ల, గోడకు బిగించిన షోల్డర్ వీలు, పక్షవాతమునుండి కోలుకొనువారు పట్టుకొని నడచుటకు జంటకమ్ములు, అన్నియు కలవు. లేనిది సిబ్బంది. కావున ఉన్న యొక్క దేహములోనే ఆయన రిసెప్షనును, అకౌంట్సును, కొనుగోళ్లను, మార్కెటింగును, హెచ్.ఆర్.ను వేరువేరు శాఖలుగ నెలకొల్పి, శాఖకొక రంగు ఫైలును కేటాయించెను. శాఖల నడుమ ఉత్తరప్రత్యుత్తరములు కూడ జరుగుచుండును. తొట్టిలో మైనము తగ్గినదని చికిత్సాశాఖ ఇండెంటు పెట్టును. కొనుగోళ్లశాఖ అకౌంట్సువారి అభిప్రాయము కోరును. అకౌంట్సువారు 'ఈ నెల వీలుపడదు' అని సంతకము చేయుదురు. మూడు సంతకములును ఒక్క చేతివే యైనను మైనము మాత్రము రాదు. వ్రేళ్లనొప్పులతో వచ్చిన పెద్దమ్మ తొట్టిలోనికి తొంగిచూచి, "ఏం నాయనా, చెయ్యి మునగడం లేదే?" అన్నచో, "ప్రాసెస్‌లో ఉందమ్మా" అని ఆయన వినయముగ బదులిచ్చును.

కార్యవిధాన గ్రంథమును ఆయన స్వయముగ రచించి స్పైరల్ బైండింగు చేయించెను. షట్టరు ఎత్తుటతో మొదలై షట్టరు దించుటతో ముగియు ఆ ప్రబంధములో అత్యంత గంభీరమైన ప్రకరణము 'కరెంటు పోయినచో అనుసరింపవలసిన క్రమము' అనునది. దాని ప్రకారము విద్యుత్తు నిలిచిన వెంటనే చికిత్సకుడు ఫ్లోర్ ఇన్‌చార్జికి తెలుపవలెను. ఆతడు ఇన్వర్టరును పరీక్షించి మేనేజరుకు నివేదింపవలెను. మేనేజరు రోగిని సమీపించి క్షమాపణ కోరవలెను. ఒకనాడు నిజముగనే కరెంటు పోయినప్పుడు నేనచ్చట నుంటిని. ఆయన ఒక క్షణము నిశ్చేష్టుడై నిలిచి, తనకు తాను నివేదించుకొనుచున్నట్లు మెల్లగ తల పంకించి, వెనుకగదిలోనికి పోయి, చొక్కా సవరించుకొని మేనేజరుగ తిరిగివచ్చు లోపల, నడుముకు వైర్లు అతికించుకొని బోర్లా పడుకొన్న రైతు ఆ వైర్లను తానే ఊడదీసికొని, "అయిపోయిందా అండీ? ఇయ్యాల కరెంటు బాగా పట్టింది" అని చెప్పులు తొడుగుకొనుచుండెను. ఆ గ్రంథమంతటిలో నిజముగ అక్కరకు వచ్చు వాక్యము ఒక్కటి మాత్రము కలదు: మైనము కరగి చేయి ఓర్చుకొనునంత వేడిమికి, అనగా సుమారు 52 మొదలు 54 డిగ్రీల సెంటిగ్రేడుకు, నిలుకడగ వచ్చుటకు చాల సేపు పట్టును గనుక, తొట్టి స్విచ్చిని రోగులు రాకముందే వేయవలెనని. దానిని ఆయన అనుబంధములో, చిన్న అక్షరములతో వ్రాసెను. అందుచేతనే తరచు మరచుచుండును.

అపాయింట్‌మెంట్ల వైభవము చెప్పనలవి కాదు. దినమును ముప్పావుగంట చొప్పున ముక్కలుగ కోసి, ఫోనులోని కాలెండరులో మోకాళ్లకు నీలము, మెడలకు పసుపు, పక్షవాతమునకు ఎఱుపు పులిమి, చూచువారికి వసంతోత్సవమువలె దానిని తీర్చిదిద్దెను. కాని గుంటూరి రోగికి గడియారముపై గల విశ్వాసము పరిమితము. "శుక్రవారం పదకొండుకు రండి" అన్నచో, "పదకొండా? పన్నెండుదాకా రాహుకాలం కదండీ" అనును. సోమవారము ఎనిమిదింటికి రమ్మన్నను అదే చిక్కు. మంగళవారము తొలి సిట్టింగునకు ఒప్పుకొనువారు అరుదు; అమావాస్యనాడు మొదలుపెట్టుదమన్న మాట ఎత్తినంతనే ఫోను పెట్టివేయుదురు. కొన్నాళ్లు పోరాడి తుదకు ఆయన, రాహుకాలమును కూడ ఒక రోగిగ నమోదు చేసి, దినమునకు గంటన్నర దానికి శాశ్వతముగ కేటాయించెను. ఆ క్లినిక్కులో ఒక్కపూటయైన ఎగవేయక ఠంచనుగ హాజరగు రోగి అదియొక్కటే.

తక్కినవారికి ముందునాటి రాత్రి వాట్సాప్‌లో జ్ఞాపిక పోవును: 'గౌరవనీయులకు, రేపటి మీ సిట్టింగును ధ్రువీకరించుటకు 1 అని, మార్చుకొనుటకు 2 అని పంపగలరు.' ఒకటియు రాదు, రెండును రాదు. తెల్లవారి అయిదుగంటలకు గులాబీల నడుమ వేంకటేశ్వరస్వామి బొమ్మతో 'శుభోదయం' వచ్చును. స్వామివారిని 'ధ్రువీకృతము' గడిలో వేయవలెనా, 'సందిగ్ధము' గడిలో వేయవలెనా యను మీమాంస నేటికిని తేలలేదు.

డబ్బు ముట్టు విధమును గూడ కన్నులారా చూచితిని. భుజము పట్టివేసి చేయి పైకెత్తలేని ఒక టీచరమ్మను కూర్చుండబెట్టి, గోనియోమీటరు అనెడు కోణమాపకమును భుజసంధి కానించి, ఆమె చేతిని మెల్లమెల్లగ ప్రక్కనుండి పైకెత్తించుచుండెను. ఆరోగ్యముగ నున్న భుజము 180 డిగ్రీలవరకు పోవును. ఆమెది 110 వద్ద నిలిచినది. సరిగ ఆ సమయమున బల్లమీది సౌండు బాక్సు, "అయిదు వందల రూపాయలు అందాయి" అని కేకవేసెను. ఎవరో పాత బాకీ ఇంటినుండి పంపినారు. తక్షణమే చికిత్సకుడు అంతర్ధానమై అకౌంటెంటు ఆవిర్భవించెను. "అలాగే ఉంచండి మేడం, దించకండి" అని పోయి, రశీదు పుస్తకములో ఒకమారు, కంప్యూటరులో ఒకమారు, దినచర్య పట్టీలో ఒకమారు ఆ అయిదు వందలను ఎక్కించి, పంపినవారికి ధన్యవాదపత్రము పంపి వచ్చుసరికి, టీచరమ్మ చేయి దించుటకు మొగమాటపడి, గోడకు వ్రేళ్లానించి, నొప్పికి పళ్లు బిగించి, ప్రాకుచు ప్రాకుచు 118 చేరుకొనియుండెను. ఆ యెనిమిది డిగ్రీల కీర్తి ఏ శాఖకు చెందవలెనో నాకు తెలియదు. ఆయన మాత్రము చికిత్సాశాఖ ఖాతాలోనే వ్రాసెను.

ఇచ్చట ఆయన పక్షమున ఒక మాట చెప్పక తప్పదు. ఆ కోణముల పుస్తకము నవ్వదగినది కాదు. పక్షవాతము వచ్చినవాడు నెలల తరబడి అభ్యాసము చేసియు తనకేమియు గుణము కనబడుట లేదని క్రుంగి మంచము పట్టబోవునప్పుడు, 'శ్రావణమాసంలో మోచెయ్యి ఇంతే వంగింది, ఇప్పుడు ఇంత వంగుతోంది' అని పుటలు త్రిప్పి చూపుటకంటె మంచి మందు ఆ గదిలో వేరొకటి లేదు. చిక్కంతయు, ఆయన అంతటితో ఆగకపోవుటలోనే యున్నది. నొప్పిని సున్నమొదలు పదివరకు అంకెలో చెప్పమని ఒక పటము గోడకు తగిలించెను. మన పెద్దలకు అంకె తెలియక కాదు. వారి కొలమానమే వేరు. "ఎలా ఉందండీ?" అన్నచో, "రూపాయిలో అర్ధరూపాయి తగ్గింది బాబూ" అందురు. మరికొందరు, "పావలా మటుకు మిగిలింది" అందురు. ఈ నాణెములను అంకెలలోనికి మార్చుటకు ఆయన ఒక మారకపు పట్టిక తయారుచేసి, అర్ధరూపాయి తగ్గినచో అయిదు, పావలా మిగిలినచో రెండున్నర అని వేయుచుండగా, ఒక ముదుసలి, "మొన్న పావలాయే ఉందయ్యా, నిన్న పెళ్లికెళ్లొచ్చాక రూపాయికి రూపాయిన్నర అయింది" అని వచ్చి, పదికి మించిన గడి లేని ఆ పట్టికను ఒక్క మాటతో కూల్చివేసెను.

ప్యాకేజీల ప్రహసనము ఇంకను రమ్యము. పది సిట్టింగులకు ముందుగ సొమ్ము కట్టినచో కొంత తగ్గింపు అని పలక వ్రేలాడదీసినది మార్కెటింగుశాఖ. ఒంటిచేతి వైద్యునకు అమ్ముకొనుటకున్న సరుకు గంటలే. గడచిన గంటను మరునాటికి నిలువచేసి అమ్మలేడు. నొప్పి తగ్గిననాడే రోగి మాయమగుట ఈ వృత్తికి పుట్టుకతోనే వచ్చిన శాపము. కనుక ముందుగ కట్టించుకొనుట తెలివియే. కాని ఆయన రోగులు ఆయనకంటె తెలివిగలవారు. "నాకు మూడింటికే తగ్గిపోయిందండీ. మిగతా ఏడూ మా అత్తగారి మోకాళ్లకి పెట్టెయ్యండి" అని ఒక యిల్లాలు అత్తగారిని ఆటోలో దింపిపోయినది. అత్తగారికి నాలుగు సరిపోయినవి. మిగిలిన మూడును ప్రక్కింటివారి మెడకు బదలాయింపబడినవి. ఒకే ప్యాకేజీ ఇట్లు వీధివీధియంతయు ప్రవహించుచుండగా, ఆయన కోపింపక, 'సిట్టింగుల బదిలీ దరఖాస్తు' అను కొత్త ఫారమును అచ్చు వేయించెను. ఫారము పుట్టినందులకు ఆయన ముఖములో నేను చూచిన సంతోషము, సొమ్ము పోయినందులకు రావలసిన విచారమును పూర్తిగ కప్పివేసినది.

ఏటేట ఆడిటరుగారి దర్శనము ఆయనకు పరాభవ పర్వము. వైద్యాది వృత్తులవారు, సాలుకు రాబడి 50 లక్షలు మించనిచో, అందులో సగమును ఆదాయముగ ఒప్పుకొని పన్ను కట్టి, విస్తారమైన లెక్కల బాధ తప్పించుకొనుటకు చట్టమే దారి చూపినది, చికిత్సకు జి.ఎస్.టి. మినహాయింపు ఉండనే ఉన్నది. ఆడిటరుగారు సంచులలోనుండి వెలువడుచున్న రిజిస్టర్లను చూచి, "తేదీ, పేరు, చేసిన వైద్యం, పుచ్చుకున్న ఫీజు. ఇంతకు మించి నువ్వు రాయక్కర్లేదయ్యా. మీ నాన్నగారు పచారీకొట్టు అంతకంటే తక్కువతో నడిపారు" అనిరి. ఆ రాత్రి ఆయన భోజనము చేయలేదని వారి యింటిలో చెప్పిరి.

2025లో బోర్డు గొడవ ఒకటి వచ్చినది. సెప్టెంబరు 8 ప్రపంచ ఫిజియోథెరపీ దినము గదా. ఆ మరునాడే ఫిజియోథెరపిస్టులు పేరుకు ముందు 'డాక్టర్' చేర్చుకొనరాదని ఢిల్లీనుండి ఆరోగ్యసేవల డైరెక్టరేటు లేఖ వెలువడెను. 10వ తేదీన దానిని వెనుకకు తీసికొన్నారు. ఈ రెండునాళ్లలో ఆయన బోర్డుపై కాగితము అంటించుటకు ఒక ఉత్తర్వును, చింపుటకు మరియొక ఉత్తర్వును జారీచేసి, రెండింటికిని సీరియలు నంబర్లు వేసెను. రోగులు పైకి చూచినవారు కారు. వారికి ఆయన మొదటినుండియు 'కరెంటు డాక్టరుగారే'.

అన్నింటికంటె కఠినమైనది హెచ్.ఆర్. శాఖ. మొన్న మాఘమాసములో తెనాలిలో బంధువుల పెండ్లికి పోవుటకు ఆయన తనకు తాను సెలవు దరఖాస్తు పెట్టుకొనెను. హెచ్.ఆర్. ఋజువుగ శుభలేఖ జతపరుపుమనెను; జతపరచెను. మేనేజరు పరిశీలించి, ఇరువదినాలుగు గంటల లోపల క్లినిక్కు తరపున సిట్టింగు రద్దయినచో రోగికి ఉచితముగ వేరొకటి ఈయవలెనను నిబంధన ననుసరించి, సంస్థకు నష్టము వాటిల్లునని తిరస్కరించెను. ఉద్యోగి అప్పీలు వ్రాయుచుండగా ధర్మపత్ని తలుపువద్ద నిలిచి, "బయల్దేరతారా, నన్నొక్కదాన్నే వెళ్లమంటారా?" అనెను. దరఖాస్తు ఆ నిమిషముననే మంజూరైనది. రోగులందరికిని 'అనివార్య పరిపాలనా కారణములచేత' అని క్షమాపణలు పోయినవి.

పెండ్లిలో రెండవబంతిన ఆయన ప్రక్కన నేను కూర్చుంటిని. ఆయనకు ఆవలిప్రక్క విస్తరిముందు కూర్చున్న పెద్దమనిషి, ఉదయము క్షమాపణ అందుకొన్నవారిలో మొదటివాడు. "మీరూ ఇక్కడికేనా! పెళ్లికొడుకు మా తోడల్లుడి మేనల్లుడండీ" అని సంతోషించి, అంతటితో ఊరకుండక, బల్లక్రింద కాలు చాచి, "నిన్నట్నుంచి మోకాలు మళ్లీ లాగుతోంది, ఒక్కసారి చూద్దురూ" అనెను. ఆయన కుడిచేతి ముద్ద ఆకులో వదలి, ఎడమచేతితో ఫోను తీసి, రోగి పేరు వెదకి తెరచెను. 'సందర్శన రకము' అను గడియొద్ద క్లినిక్, గృహము, ఫోను అని మూడే కలవు. ఒకటి ఎన్నుకొననిదే ఫారము ముందుకు సాగదు. ఆయన బొటనవ్రేలు ఆ మూడింటిమీద తారాడుచుండగా వడ్డనవాడు పప్పుచారు గరిటెతో కుమ్మరించి పోయెను.

"ఫోను తరవాత చూసుకుందురుగాని డాక్టరుగారూ," అనెను ఆ మోకాలి మనిషి, "చారు మీ ఒళ్లోకి వచ్చేస్తోంది, ముందు అన్నంతో గట్టు కట్టండి!"