మూజువాణి నామ సంవత్సరం

పంచాంగం ప్రకారం 2013 ఉగాదికి వచ్చింది విజయ నామ సంవత్సరం. 2014 ఉగాదికి వచ్చింది జయ. పేర్ల వరకు చూస్తే తెలుగువాళ్లకు వరసగా రెండేళ్లు గెలుపే గెలుపు. ఎవరి మీద ఎవరు గెలిచారన్నది సిద్ధాంతిగారు చెప్పలేదు, మనం అడగలేదు. నన్నడిగితే విజయకు మూజువాణి అని పేరు పెట్టాల్సింది. ఆ ఏడాది ఏది తేలినా గొంతుతోనే తేలింది. తలలు లెక్కపెట్టిన పాపాన ఎవరూ పోలేదు.

2013 జూలై 30 సాయంత్రం కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణ ఇచ్చేస్తున్నామంది. తెనాలిలో మా పక్కింటి బాబాయిగారు టీవీ నోరు నొక్కి కూకట్‌పల్లికి ఫోన్ కొట్టారు. కొడుకు ఎత్తగానే మొదటి మాట: “ఒరేయ్, ఫ్లాటు రేటు ఏమన్నా కదిలిందా?” రెండో మాట: “పిల్లలు బాగున్నారా?” మూడో మాటకు గానీ ఆవేశం రాలేదు: “తెలుగుజాతిని ముక్కలు చేస్తార్రా వీళ్లు!” తెల్లారేసరికి వరస తిరగబడింది. నిరసన శిబిరంలో మైకు ముందు జాతి మొదటికొచ్చింది, పిల్లల భవిష్యత్తు రెండోదైంది, ఫ్లాటు ఊసే లేదు.

మా ఊళ్లో గొంతెత్తాలంటే రణరంగ చౌక్. 1942 ఆగస్టు 12న, క్విట్ ఇండియా రోజుల్లో, పోలీసు కాల్పులకు ఏడుగురు బలైన ఊరు ఇది. వాళ్ల గుర్తుగా నిలబడిన చోటది. అప్పటినుంచి ఎవరికి ఏ కోపం వచ్చినా అక్కడికే వస్తారు. 1972లో మా బాబాయి అక్కడే ‘జై ఆంధ్ర’ అని అరిచాడు. అప్పుడాయన డిగ్రీ కుర్రాడు, హైదరాబాద్ ప్రాంత ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పిన రోజులు. కలిసి ఉండే ప్రసక్తే లేదు, మా రాష్ట్రం మాకిచ్చేయండన్నది అప్పటి నినాదం. నలభై ఒక్క ఏళ్ల తర్వాత అదే చౌక్, అదే గొంతు, కాస్త దగ్గు కలిసింది అంతే. ఈసారి నినాదం ‘జై సమైక్యాంధ్ర’.

ఉండబట్టలేక అడిగాను: “అప్పుడు విడగొట్టమని నువ్వే అరిచావు గదా బాబాయ్?”

ఆయన నావైపు జాలిగా చూశాడు. “అప్పుడు హైదరాబాద్‌లో మనకేముందిరా?”

ఉద్యమం మీద అంతకన్నా నిజాయితీగల మాట నేను వినలేదు. సమ్మె సాగిన రెండు నెలల్లో మా శిబిరంలో ఆదిలాబాద్ పేరు నా చెవిన పడలేదు. పాలమూరు వలసకూలీ ఊసు ఎవరూ ఎత్తలేదు. సమైక్యమంటే హైదరాబాద్, హైదరాబాద్ అంటే కూకట్‌పల్లి, కూకట్‌పల్లి అంటే మూడో అంతస్తు, తూర్పు ముఖం. అవతలివాళ్లు ‘మాతో కలిసి ఉండటం మీకెందుకంత ఇష్టం’ అని అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్లమో గానీ, అడిగేవాళ్లను పిలిచిన పాపాన పోలేదు.

బాపట్ల సంగతి మరీ విచిత్రం. మద్రాసు ప్రెసిడెన్సీలో అరవవాళ్లతో మాకు పొసగదు, మా తెలుగు జిల్లాలు మాకు కావాలన్న మాట సభకెక్కింది అక్కడే. 1913 మేలో బి.ఎన్. శర్మగారి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరది. అప్పుడు కూడా కొన్ని జిల్లాల ప్రతినిధులు ‘తొందరెందుకు, ఆలోచిద్దాం’ అన్నారు. తీర్మానం మరుసటి ఏడు బెజవాడ సభలో గానీ కాలేదు. అంటే విడిపోవడానికి వాయిదా వేయడం మనకు ఆ రోజే అలవాటైంది. ఆ మాటకు నూరేళ్లు నిండిన ఏడాదే, ఆ ఊరి రోడ్ల మీదే, విడదీయొద్దని టైర్లు తగలబెట్టారు.

ఉద్యోగుల సమ్మె ఆగస్టు 12 అర్ధరాత్రి మొదలై 66 రోజులు సాగింది. బస్సులు లేవు, ఆఫీసులు లేవు, బళ్లు లేవు. మా వీధి చివరింటి మూడో తరగతివాడిని సమైక్యాంధ్ర అంటే ఏమిటోయ్ అని అడిగితే ‘సెలవులు’ అన్నాడు. తెనాలి నుంచి రేపల్లె వెళ్లాలంటే ఆటోవాడు అడిగిందే చార్జీ. జీతాల్లేకుండా రెండు నెలలు కూర్చున్న గుమాస్తాను మాత్రం నేను వెక్కిరించను. అతనికి కూకట్‌పల్లిలో ఏమీ లేదు, పచారీ కొట్లో ఖాతా ఒక్కటే పెరిగింది.

వంటావార్పు గురించి చెప్పకపోతే ఆ ఏడాది చెప్పినట్టే కాదు. నడిరోడ్డు మీద మూడు ఇటుకల పొయ్యి, పైన పెద్ద డేగిశా, అందులో పులిహోర. లాయర్ల జేఏసీ, డాక్టర్ల జేఏసీ, టీచర్ల జేఏసీ, వ్యాపారుల జేఏసీ, తలా ఒక గరిటె. ఎవరికివారు ఉప్పు వేశారు, వేసినట్టు పక్క జేఏసీకి చెప్పలేదు. తడికట్టెలేమో, పొగ కమ్మేసింది, నాయకులందరికీ కళ్లవెంట నీళ్లు. సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫర్ వచ్చాడు. మర్నాడు జిల్లా ఎడిషన్లో ఫొటో కింద ‘కన్నీటి పర్యంతమైన నేతలు’. ఆ పులిహోర తినలేక అచ్చంగా ఏడ్చిన నా ఫొటో మాత్రం ఎవరూ వేయలేదు.

సెప్టెంబర్లో ‘అత్తారింటికి దారేది’ సగం సినిమా విడుదలకు ముందే బయటికొచ్చేసింది. సినిమాను సగానికి కోస్తారా అని ఊరంతా ఒక రోజు రాష్ట్రం సంగతి మరిచిపోయింది. అక్టోబర్లో విద్యుత్ ఉద్యోగులు కూడా సమ్మెకు దిగారు, కరెంటు పోయింది. టీవీ చర్చలు ఆగి, గొంతులకూ చెవులకూ కాస్త విశ్రాంతి దొరికింది అప్పుడే.

ఈ గోలలో రాని అతిథులు లేరు. అక్టోబర్లో ఫైలిన్ తుపాను ఒడిశా వైపు వెళ్లిందని ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత వానలు ముంచాయి. నవంబర్ 22న హెలెన్ మచిలీపట్నం దగ్గర తీరం దాటింది, వెనకాలే లెహర్ వస్తోందన్నారు. రేపల్లె వైపు కోతకొచ్చిన వరి చాపలా పరుచుకుంది. కాలువ శివారు రైతు ఒకాయన నీళ్లలోంచి వెన్ను ఎత్తి చూపించాడు, గింజ మొలకెత్తి పచ్చగా ఉంది. “ఏ రాష్ట్రమైతే మనకేంటండీ? నీళ్లు మా చేనుకు ఆఖర్న వస్తాయి, తుపాను మాత్రం ముందు మా చేనుకే వస్తది” అన్నాడు. ఆయన అరవలేదు కాబట్టి ఎవరికీ వినపడలేదు.

డిసెంబర్లో విభజన బిల్లు శాసనసభకొచ్చింది. స్పీకర్ కుర్చీలో మా తెనాలి ఎమ్మెల్యే నాదెండ్ల మనోహర్‌గారు. దాంతో రాజ్యాంగం మా బజార్లోకి దిగింది. మా టీ బంకు కుర్రాడు పని మానేస్తానంటే, ‘నోటితో చెబితే చెల్లదురా, స్పీకర్ ఫార్మాట్లో రాజీనామా రాసివ్వు’ అన్నాడు యజమాని. సభ్యులు తొమ్మిది వేలకు పైగా సవరణలిచ్చారు. ఆ బిల్లులో అన్ని అక్షరాలున్నాయా అని నాకు అనుమానం. 2014 జనవరి 30న బిల్లును తిరస్కరిస్తూ ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి పెట్టిన తీర్మానం మూజువాణి ఓటుతో నెగ్గింది. మా వీధిలో సీమటపాకాయలు కాల్చారు. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం అడగాలి గానీ వినాలని లేదన్న సంగతి టపాకాయల మోతలో ఎవరూ పట్టించుకోలేదు.

ఫిబ్రవరి 13న లోక్‌సభలో బెజవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టారు. ఇది గుంటూరు జిల్లాకు తీరని అవమానం. దేశానికి ఘాటు సరఫరా చేసే మిర్చి యార్డు మా దగ్గర పెట్టుకుని, పార్లమెంటు దగ్గాలంటే డబ్బా సరుకు కొనుక్కోవాలా? 18న టీవీ ప్రసారం ఆగిపోయింది, తలుపులు మూసిన సభలో బిల్లు మళ్లీ మూజువాణితోనే గట్టెక్కింది. మన మూజువాణి చెల్లలేదు, వాళ్ల మూజువాణి చెల్లింది. గొంతులో కూడా ఢిల్లీ గొంతు వేరు.

ఆఖరి బంతి వరకు ఆడతానన్న ముఖ్యమంత్రి 19న బ్యాటు పారేసి వెళ్లి, జై సమైక్యాంధ్ర పార్టీ పెట్టారు. ఎన్నికల గుర్తు చెప్పుల జత. ఇంత శ్రమ దేవుడు వ్యంగ్య రచయితలకు ఎందుకు తగ్గిస్తాడో తెలియదు.

మే 7న జనం తొలిసారి అరవకుండా ఓటేశారు, మీట నొక్కితే బీప్ అంది అంతే. పదమూడు జిల్లాల్లో 175 సీట్లకు కాంగ్రెస్‌కు సున్నా. చెప్పుల జతకూ సున్నా. తెనాలిలో స్పీకర్‌గారు ఓడారు, బాపట్లలో కేంద్రమంత్రి పనబాక లక్ష్మిగారూ ఓడారు. విభజించినవాళ్లకు బుద్ధి చెప్పామని బాబాయి మీసం దువ్వాడు. గెలిచిన తెలుగుదేశం విభజనకు ఒప్పుకుంటూ లేఖ ఇచ్చిందనీ, జతకట్టిన బీజేపీ పార్లమెంటులో బిల్లుకు మద్దతిచ్చిందనీ గుర్తుచేశాను. ఆయనకు ఆ చెవి ఈమధ్య సరిగ్గా వినపడటం లేదు.

జూన్ 2 తెల్లవారుజామున ఆయనతో పాటు తెనాలి స్టేషన్‌కు వెళ్లాను. కొడుకు డెల్టా ప్యాసింజర్‌లో వస్తున్నాడు. రాత్రి హైదరాబాద్‌లో ఎక్కినప్పుడు ఒకే రాష్ట్రం. నడికుడి ఇవతలికి రాకముందే, కృష్ణ వంతెన మీద, నిద్రలో రాష్ట్రం మారిపోయింది. టికెట్ అదే, బెర్తు అదే, రేపల్లె వెళ్లేవాళ్లు ఇంకా గురకపెడుతున్నారు. కొడుకు బ్యాగుతో దిగాడు. తండ్రి కళ్లు తుడుచుకున్నాడు. ఈసారి పొగ లేదు, నేనే సాక్షి. ఏదో చెప్పబోయాడు, గొంతు పెగల్లేదు.

కొడుకే అన్నాడు: “నాన్నా, రాజధాని ఇటే వస్తుందంటున్నారు. మంగళగిరి దగ్గర ఎకరం ఎంత చెబుతున్నారు?”