రెండు బిళ్లలు కత్తిరించి ఇవ్వబడును

మూత్రనాళ ఇన్ఫెక్షన్లలో సింహభాగం ఎషెరీషియా కోలై అనే బాక్టీరియా చలవే. వాడుకలో ఈ.కోలై. దీని సొంతిల్లు పేగు. అక్కడున్నంత కాలం బుద్ధిగానే ఉంటుంది. ఆడవారిలో మూత్రమార్గం పొట్టిది, మలద్వారానికి దగ్గరది కాబట్టి దానికి ప్రయాణం సులువు. మంట మొదలవగానే ఇంట్లో వెలువడే తీర్పు ‘వేడి చేసింది’. వెంటనే బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు, సబ్జా గింజలు దిగుతాయి. వీటివల్ల బాక్టీరియా కొత్త విద్యలేవీ నేర్వదు. అంతవరకు క్షేమం.

దాని చదువు మొదలయ్యేది మందుల షాపులో, అదీ చాలాసార్లు మూత్రంతో సంబంధంలేని జబ్బుకు. డాక్టరు చీటీ అడిగితే బేరం పోతుంది గనక అడగరు. స్ట్రిప్పులోంచి కత్తెరతో జలుబుకు రెండు సెఫిక్సిమ్, విరేచనాలకు రెండు నార్‌ఫ్లాక్సాసిన్ తెంపి ఇస్తారు. జలుబు తెచ్చిన వైరస్‌కు ఆ బిళ్ల సంగతే పట్టదు. దెబ్బ తగిలేది పేగులో ఏ పాపమూ ఎరగని ఈ.కోలైకి. మందుకు లొంగేవి చస్తాయి, లొంగనివి ఖాళీ అయిన ఇంట్లో సంసారం పెంచుతాయి. పరిస్థితులు కలిసొస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. కొన్నాళ్లకు మూత్రాశయంలో దిగేది ఈ సంతానమే.

అప్పటికి విద్యలు వచ్చేసి ఉంటాయి. నార్‌ఫ్లాక్సాసిన్‌కు చుట్టమైన సిప్రోఫ్లాక్సాసిన్ పట్టుకోవలసిన ఎంజైము రూపు మారుతుంది. లోపలికొచ్చిన మందును పంపులు బయటికి తోడేస్తాయి. సెఫిక్సిమ్ లాంటి సెఫలోస్పోరిన్లను ఈఎస్‌బీఎల్ ఎంజైములు ముక్కలు చేస్తాయి. ఈ విద్యల్లో కొన్ని ప్లాస్మిడ్ అనే డీఎన్‌ఏ చుట్టల్లో ఉంటాయి. వాటిని ఈ.కోలై కులగోత్రాలు అడగకుండా పక్క జాతి బాక్టీరియాకూ దానం చేస్తుంది.

చీటీ లేకుండా మందు పంచడంలో షాపువాడిని ఒక్కడినే ఆడిపోసుకోవడం అన్యాయం. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. శుద్ధి చేశాక ఉన్న లెక్క అది.

మరుసటి ఏడాది స్వీడన్‌లోనే, ఢిల్లీలో చికిత్స పొంది వెళ్లిన రోగి మూత్రంలో ఆఖరి అస్త్రాలైన కార్బాపెనెమ్‌లకూ లొంగని క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా దొరికింది. దాని ఎంజైముకు న్యూఢిల్లీ పేరు పెట్టారు. దేశం భగ్గుమంది, పేరు మీద.

చట్టం లేకపోలేదు. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 కింద కొన్ని యాంటీబయాటిక్‌లు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. దాచాలంటే ముందు రాయాలి.

ఇన్ని పరాజయాల మధ్య 1950లలో వచ్చిన నైట్రోఫ్యూరంటాయిన్ చాలామటుకు ఇంకా పనిచేస్తోంది. అది రక్తంలో పెద్దగా నిలవదు, మూత్రంలో చేరుతుంది. అందుకే జలుబుకు దాన్ని అమ్మాలని ఎవరికీ తోచలేదు. ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా పాకితే మాత్రం అది పనికిరాదు.